టైల్ ముక్కలతో ఒక పండుమిర్చి: నా మొదటి మొజాయిక్

మా బాత్రూమ్ గోడకి తేమ పట్టి పాత టైల్స్ ఒక్కొక్కటే ఊడిపోతుంటే, మార్చి నెలాఖరులో మొత్తం పీకించి కొత్తవి వేయించాం. పని అయిపోయాక మేస్త్రీ, మిగిలిన ముక్కలన్నీ ఒక సిమెంట్ సంచిలో పోసి బాల్కనీలో మూలన పెట్టి, "వీటిని కింద పడేయించండమ్మా" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ సంచి నెల రోజులు అక్కడే ఉండిపోయింది. ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే కాలికి తగిలి పక్కకి ఒరిగింది, నాలుగు ముక్కలు బయటపడ్డాయి. తెలుపు, లేత నీలం, పాత గోడ నుంచి వచ్చిన ముదురాకుపచ్చ ఒకటి. ఆకుపచ్చ ముక్క పగిలిన అంచు ఎర్రమట్టి రంగులో ఉంది, పైన మాత్రం అద్దంలా మెరుస్తోంది. చేతిలో పెట్టుకుని కాసేపు చూశాక ఇక పారేయబుద్ధి కాలేదు.

అప్పటికి మొజాయిక్ అంటే నాకు తెలిసింది రెండే. ఒకటి మా అమ్మమ్మగారింట్లో ఉండే మొజాయిక్ గచ్చు. రంగురంగుల చలువరాతి చిప్స్ సిమెంట్‌లో కలిపి పోసి, గట్టిపడ్డాక మిషన్ పెట్టి అరగదీసి పాలిష్ చేసేవాళ్లు, ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా దాని మీదే పడుకునేవాళ్లం. రెండోది పాత డాబాల మీద తెల్ల టైల్స్ ముక్కలు పరిచి చేసే చైనా మొజాయిక్, ఎండ వేడి లోపలికి దిగకుండా, వాన నీళ్లు ఇంకకుండా. మొదటిదాన్ని నిజానికి టెరాజో అంటారట, మనమంతా అలవాటుగా మొజాయిక్ అంటాం. నేను చేయాలనుకున్నది రెండోదానికి చుట్టం. పెళ్లయిన కొత్తలో చండీగఢ్ వెళ్లినప్పుడు రాక్ గార్డెన్ చూశాం. నేక్‌చంద్ అనే ఒక ప్రభుత్వ ఉద్యోగి పగిలిన టైల్స్, సింకులు, గాజులు ఏరుకొచ్చి ఎవరికీ చెప్పకుండా ఏళ్ల తరబడి కట్టిన తోట అది, 1976లో జనం కోసం తెరిచారు. అక్కడ చేతిగాజుల ముక్కలతో చేసిన ఆడవాళ్ల బొమ్మలు వరసగా నిలబడి ఉంటాయి. అవి నా కళ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయి, ఆ సంచి చూసినప్పుడు గుర్తొచ్చింది కూడా అవే.

మొదటి ప్రయత్నం ఎవరినీ అడక్కుండా చేశాను. పాప స్కూల్ ప్రాజెక్టుకి తెచ్చిన ఆరంగుళాల ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసే బోర్డు) ముక్క ఒకటి మిగిలితే, మంచినీళ్ల గ్లాసు కింద పెట్టుకునే పలకలా చేద్దామని, టైల్స్‌ని పాత తువ్వాలులో చుట్టి సుత్తితో కొట్టి, ఫెవికాల్ రాసి, ముక్కకి ముక్క ఆనించి, గాలి దూరే సందు కూడా లేకుండా పేర్చాను. ఎంత దగ్గరగా ఉంటే అంత గట్టిగా ఉంటుందనుకున్నాను. ఇంట్లో ఉన్న తెల్ల సిమెంట్‌ని మజ్జిగలా పల్చగా కలిపి పైన పోశాను. మొదటి రోజు బాగానే ఉంది. రెండు రోజులకి ఆ సిమెంట్‌ని గోటితో గీకితే పిండిలా రాలిపోయింది. నాలుగో రోజు దాని మీద ఫ్రిజ్ నీళ్ల గ్లాసు పెట్టి మర్చిపోయాను. మే నెల కదా, గ్లాసుకి చెమట పట్టి నీళ్లన్నీ కిందికి కారి, సాయంత్రానికి మధ్యలో మూడు ముక్కలు పన్నులా కదులుతున్నాయి. ఒకటి పైకి తీసి చూస్తే, ఆరి కనిపించకుండా పోయిన బంక మళ్లీ తెల్లగా, మెత్తగా అయిపోయి ఉంది.

అదే వారం బాత్రూమ్‌లో కుళాయి పక్కన ఒక జాయింట్ నింపడానికి మేస్త్రీ వచ్చాడు. పని అయ్యాక టీ ఇచ్చి ఆ పలక చూపించాను. ముప్పై ఏళ్లుగా గోడలకీ నేలలకీ టైల్స్ వేస్తున్న మనిషి, దాన్ని తిప్పి తిప్పి చూసి, రెండు ముక్కల మధ్య బొటనవేలి గోరు పెట్టి చూసి, "సందు లేదు కదమ్మా, ఫిల్లర్ ఎక్కడ నిలబడుద్ది?" అన్నాడు. "ముక్కనీ ముక్కనీ పట్టుకునేది ఆ సందులో ఉన్న సరుకే. మీరు దానికి చోటే ఇవ్వలేదు." తెల్ల సిమెంట్ గురించి అడిగితే, నీళ్లు ఎక్కువ పోస్తే ఆ నీళ్లు ఆరిపోయాక వాటి చోటంతా లోపల బోలుగా మిగిలిపోద్ది, అందుకే రాలింది అన్నాడు. వెళ్తూ వెళ్తూ తన సంచిలోంచి గుప్పెడు ప్లాస్టిక్ స్పేసర్లు, అవే ప్లస్ గుర్తులా ఉండే చిన్నవి, తీసి నా చేతిలో పోశాడు. "ఇదుగో, ఇంత వదలండి. రెండు ఎం.ఎం. మీ పనికి మూడు దాటనివ్వకండి." ఆ స్పేసర్ ఒకటి ఈ పని మొత్తం నా పక్కనే ఉంది. అనుమానం వచ్చిన ప్రతి చోటా దాన్ని సందులో దూర్చి చూసుకున్నాను.

బంక సంగతి కూడా అప్పుడే బోధపడింది. తెల్ల బంక తప్పేం లేదు, అది తడి తగలని చోటుకి. హాల్లో గోడకి తగిలించే బొమ్మకి అది బాగా సరిపోతుంది, నిదానంగా ఆరుతుంది కాబట్టి ముక్కని అటూ ఇటూ జరుపుకోవడానికి టైం ఉంటుంది, మొదటిసారి చేసేవాళ్లకి ఆ టైం చాలా అవసరం. గ్లాసు కింద పలక, వంటింటి గట్టు, బాత్రూమ్, బాల్కనీ, ఇలాంటి చోట్లకి మాత్రం సిమెంట్‌తో చేసిన టైల్ అడ్హెసివే వాడాలి, కింద చెక్క బదులు సిమెంట్ బోర్డు ఉండాలి. అందుకని నేను గోడ బొమ్మకే ఫిక్స్ అయ్యాను.

ఏం బొమ్మ అన్నదానికి చాలా ఆలోచించాను. అమరావతి శిల్పాల్లో ఉండే గుండ్రటి తామరపువ్వు చేద్దామని మొదట ఆశపడ్డాను. కాగితం మీద గీసి చూస్తే వరస మీద వరసగా ఆ రేకులన్నీ కోయడం నా వల్ల అయ్యే పని కాదని అర్థమైంది. ఒకే వస్తువు, ఒకే వంపు, రెండు మూడు రంగులు, అంతే ఉండాలి. గుంటూరులో ఉంటూ దాని కోసం ఎక్కడో వెతకడం ఎందుకు, మిరపకాయ ఉంది కదా అంది మా పాప. ఎండుమిర్చి అయితే ముడతలు, మడతలు, నలుపెక్కిన ఎరుపు, అవన్నీ టైల్‌లో రావు. పండుమిర్చి అయితే నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది, టైల్ మెరుపు దానికి సరిగ్గా కుదురుతుంది. పచ్చడి పట్టినప్పుడు తీసిన ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంది. అది చూసి పన్నెండంగుళాల చదరంలో మూల నుంచి మూలకి, పదంగుళాల పొడవు, బాగా లావున్న చోట రెండంగుళాలు, కొస కాస్త పైకి తిరిగినట్టు గీసుకుని కార్బన్ పేపర్‌తో బోర్డు మీదకి దించాను.

సామాను పెద్దగా లేదు. ప్లైవుడ్ షాపులో 12 ఎం.ఎం. ఎండీఎఫ్ కోయించాను. దానికంటే పల్చటిది వద్దు, బంక తడికి వంగిపోతుంది. బోర్డుకి రెండు వైపులా, అంచులకీ ఫెవికాల్‌లో నాలుగింతలు నీళ్లు కలిపి బ్రష్‌తో రాసి ఒక రాత్రి ఆరబెట్టాను. అలా రాయకపోతే పొడి బోర్డు తర్వాత రాసే బంకలో ఉన్న తడినంతా పీల్చేసుకుంటుంది. పట్నంబజారులో హార్డ్‌వేర్ షాపులో రబ్బరు గ్లౌజులు, ప్లాస్టిక్ కళ్లద్దాలు, గాజు కోసే కటర్, ఒక కిలో బూడిదరంగు జాయింట్ ఫిల్లర్ కొన్నాను. టైల్స్ కొరికే నిప్పర్ మాత్రం అక్కడ దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాల్సి వచ్చింది.

కష్టమైంది ఎరుపు. మా సంచిలో అన్ని రంగులూ ఉన్నాయి కానీ ఎరుపు లేదు. అమరావతి రోడ్డులో రెండు మూడు టైల్స్ షాపులు తిరిగాను, ఎక్కడ చూసినా లేత గోధుమ రంగు, బూడిద, తెలుపు, చెక్క డిజైన్లు. ఒక షాపాయన, "ఇప్పుడు ఇంట్లోకి ఎర్ర టైల్ ఎవరడుగుతున్నారమ్మా" అంటూనే గోడౌన్‌లోకి వెళ్లి పాత శాంపిల్స్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో రెండు ఎరుపులు దొరికాయి. ఒకటి టమాటా పండు రంగుకి దగ్గర, ఇంకొకటి వంగపండు రంగులోకి దిగుతున్న మెరూన్. రెండూ కలవవు అని మొదట నిరాశపడ్డాను. ఇంటికొచ్చి ఫోటో పెద్దది చేసి చూస్తే పండుమిర్చిలో వెలుగు పడే పైభాగం ఒక రంగు, కింద నీడలో ఉన్న అంచు ఇంకో రంగు. మెరూన్ ఆ కింది వరసకి పెట్టినట్టుగా సరిపోయింది. షాపులో నేలకి వేసే విట్రిఫైడ్ ముక్క కూడా ఒకటి ఇచ్చాడు కానీ దాన్ని నా నిప్పర్ కొరకలేకపోయింది. అది చాలా ఎక్కువ వేడిలో కాలి రాయిలా అయిపోతుంది. కొత్తగా చేసేవాళ్లు గోడకి వేసే మామూలు సిరామిక్ టైల్‌తో మొదలుపెట్టడమే మంచిది.

ఇక కోత. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువ ముక్కలు పాడుచేసింది ఇక్కడే. సుత్తితో కొడితే ముక్క ఎటు పగులుతుందో మన చేతిలో ఉండదు, పైగా మాది అపార్ట్‌మెంట్, నాకు తీరిక దొరికేది రాత్రి తొమ్మిది తర్వాత, ఆ టైంలో సుత్తి చప్పుడు కింద ఫ్లోర్ వాళ్లకి ఇబ్బంది. అందుకని ముందు టైల్‌ని పట్టీలుగా కోసుకున్నాను. మెరుపు ఉన్న వైపు స్కేల్ పెట్టి గాజు కటర్‌తో ఒక్కసారి, ఆపకుండా, గట్టిగా గీత గీయాలి. అదే గీత మీద రెండోసారి గీయకూడదు. గీత కింద సరిగ్గా పడేలా ఒక అగ్గిపుల్ల పెట్టి రెండు చేతులతో రెండు వైపులా నొక్కితే టక్‌మని గీత వెంటే విరుగుతుంది. అలా ఒకటిన్నర సెంటీమీటర్ల పట్టీలు చేసుకున్నాక నిప్పర్ పని.

నిప్పర్‌ని మొదట్లో కత్తెరలా వాడాను, ముక్క మొత్తం దాని నోట్లో పెట్టి నొక్కాను. ప్రతిసారీ ముక్క మూడు చెక్కలైంది. అసలు పద్ధతి ఏంటంటే నోటితో అంచుని రెండు మూడు మిల్లీమీటర్లే పట్టుకోవాలి, జీడిపప్పు చివర కొరికినట్టు. మనకి కావలసిన దిక్కుకి నోరు తిప్పి, పిడుల్ని వాటి చివర పట్టుకుని మెల్లగా నొక్కుతూ పోతే ఒక చోట బిగువు తెలుస్తుంది, ఆ తర్వాత చిన్న టిక్ శబ్దం, పగులు ఆ దిక్కులోనే లోపలికి పరిగెత్తుతుంది. పిడి దగ్గరగా పట్టుకుంటే చేయి నొప్పి తప్ప ముక్క తెగదు. మూడో సాయంత్రానికి చేతికి అలవాటైంది. ముక్కల్ని ముందు నీళ్లలో ముంచి కోస్తే దుమ్ము లేవదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, తడిపినా నేను మాస్క్ తీయలేదు. కళ్లద్దాలు లేకుండా మాత్రం ఒక్క ముక్క కూడా కోయొద్దు, రెండో రోజే ఒక చెక్క ఎగిరి నా కళ్లద్దాలకి తగిలి గీత పడింది.

ఇంకో తప్పు జరిగింది, అది ఇప్పటికీ బాధగా ఉంటుంది. మన ఇళ్లలో చెప్పుల్లేకుండా తిరుగుతాం కదా. నేను కోసిన చోట దుప్పటి పరిచాను, పని అయ్యాక చీపురుతో ఊడ్చాను, సరిపోతుందనుకున్నాను. పొద్దున్నే మా అత్తయ్య పూజకి పూలు కోయడానికి బాల్కనీలోకి వెళ్తూ మడమలో చిన్న పెచ్చు గుచ్చుకుంది. ఆవిడకి షుగర్, కాలి దెబ్బ అంటే ఇంట్లో అందరికీ టెన్షన్. డాక్టర్ దగ్గరికి వెళ్లి తీయించాం, త్వరగానే మానింది. ఆ రోజు నుంచి ఒక పెద్ద అంచుల పళ్లెంలో చేతులు పెట్టి కోయడం, అయ్యాక ముందు ఊడ్చి తర్వాత తడిగుడ్డతో నేలంతా తుడిచి ఆ గుడ్డ పారేయడం, బాల్కనీలో ఒక జత చెప్పులు ఉంచడం అలవాటు చేసుకున్నాను.

తొడిమ కోసం ఆకుపచ్చ టైల్ ఎంత చిన్నగా కోసినా వంపు రాలేదు. రాక్ గార్డెన్ బొమ్మలు గుర్తొచ్చి ఆకుపచ్చ గాజులు బయటికి తీశాను. అత్తయ్య చూసి, "ఏమ్మాయ్, నిక్షేపంలాంటి గాజులు సుత్తితో కొడతావా? ఇంటికి మంచిది కాదు" అన్నారు. ఆవిడ మాట కాదనలేను, నాకూ మనసొప్పలేదు. రెండు రోజుల తర్వాత ఆవిడే ఒక పాత పౌడర్ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టారు. ఏళ్లుగా గిన్నెలు తోముతున్నప్పుడో బట్టలు ఉతుకుతున్నప్పుడో వాటంతటవే చిట్లిన గాజుల ముక్కలు, పారేయకుండా దాచినవి, మా ఆడపడుచు పెళ్లినాటివి కూడా ఉన్నాయట అందులో. "ఇవి వాడుకో" అన్నారు. వాటిలోంచి ముదురాకుపచ్చవి ఏడు ఏరుకున్నాను. గాజు పుట్టుకతోనే వంపు తిరిగి ఉంటుంది కాబట్టి తొడిమ ఒంపుకి కోయాల్సిన పనే లేకపోయింది, పొడవు సరిచూసుకుని పక్కపక్కన పడుకోబెట్టడమే.

పేర్చడంలో నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసిన విషయం ఒకటుంది. మొదట మిర్చి లోపల ముక్కల్ని అడ్డదిడ్డంగా నింపాను. దూరంగా నిలబడి చూస్తే ఎర్రటి మరక లాగా ఉంది కానీ మిరపకాయలా లేదు. అన్నీ తీసేసి తొడిమ నుంచి కొస దాకా పొడవునా వరసలుగా పేర్చాను, కాయ ఎటు వంగితే వరసా అటే వంగేలా. వెంటనే కాయకి ఒంపు వచ్చేసింది. ఇటలీలో పాత రోమన్ మొజాయిక్‌ల ఫోటోలు చూస్తే కూడా అదే, ముక్కల వరసల పరుగే కంటిని లాక్కెళ్తుంది, దానికి అండమెంటో అని పేరు కూడా ఉంది. వెనక తెలుపు నింపేటప్పుడు ముందుగా కాయ చుట్టూ ఒక్క వరస తెల్ల ముక్కల్ని దాని గీతని అంటిపెట్టుకుని తిప్పాను, ఆ తర్వాతే మిగతా చోటు నింపాను. ఆ ఒక్క వరస వల్ల కాయ అంచు చెక్కినట్టు స్పష్టంగా కనిపిస్తుంది.

వంపు దగ్గర చదరపు ముక్కలు పెడితే లోపలి వైపు తాకుతాయి, బయటి వైపు సందు విచ్చుకుంటుంది. అక్కడ ప్రతి ముక్కనీ పిజ్జా ముక్కలా కాకపోయినా, ఒక వైపు కాస్త సన్నగా కోయాలి. కొస దగ్గర పదకొండు ముక్కలు అలా కోశాను, ఒక్కోదానికి నాలుగైదు సార్లు. చిట్టచివరి ముక్క, ఆ పైకి తిరిగిన కొస, గోరంత కూడా లేదు. దాని కోసం ఒక రాత్రంతా పోయింది, పదో పన్నెండో పాడయ్యాయి. చివరికి అది కుదిరినప్పుడు టైం చూస్తే పన్నెండున్నర, ఇంట్లో అందరూ పడుకున్నారు, ఆనందం ఎవరికీ చెప్పుకోవడానికి లేక మేలుకుని కూర్చున్నాను.

అన్నీ పొడిగా పేర్చి ఫోటో తీసుకున్నాక బంక పెట్టడం మొదలుపెట్టాను. ఒక్కో ముక్క తీసి, వెనక మినపగింజంత ఫెవికాల్ చుక్క పెట్టి కాస్త పరిచి, మళ్లీ దాని చోట పెట్టడం. తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే పక్కల నుంచి సందులోకి పొంగి, ఫిల్లర్ ఉండాల్సిన చోటు బంకే తినేస్తుంది. పొంగినదాన్ని తడిగా ఉన్నప్పుడే అగరుబత్తి పుల్లతో తీసేస్తూ ఉన్నాను. రాత్రికి రెండు గంటల చొప్పున తొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాత రెండు రోజులు ముట్టుకోకుండా ఆరబెట్టాను.

ఫిల్లర్ రంగు కోసం చేసిన ఒక చిన్న పరీక్ష చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మిగిలిన ఎర్ర ముక్కల్ని రెండు పళ్లేల్లో సందులు వదిలి పేర్చి, ఒకదాంట్లో సందుల్లోకి బియ్యప్పిండి, ఇంకోదాంట్లో రాగిపిండి వేసి వేలితో సర్దాను. తెల్ల పిండిలో ఎరుపు పాలిపోయినట్టు, ప్రతి ముక్కా విడివిడిగా గళ్ల చొక్కాలా కనిపించింది. రాగిపిండిలో అదే ఎరుపు లోపలి నుంచి వెలిగినట్టు ఉంది, ముక్కలన్నీ కలిసి ఒకే కాయ అయ్యాయి. ముందే కొన్న బూడిదరంగుకే ఉండిపోయాను.

ఫిల్లర్ పెట్టింది ఆదివారం పొద్దున ఆరు గంటలకి, ఎండ ఎక్కకముందే. సిమెంట్ గట్టిపడేది ఆరిపోవడం వల్ల అనుకుంటాం, నిజానికి అది నీళ్లతో కలిసి రసాయన మార్పు జరిగి గట్టిపడుతుంది. నీళ్లు ముందే ఆవిరైపోతే ఆ మార్పు సగంలో ఆగిపోయి పగుళ్లొస్తాయి. అందుకే ఫ్యాన్ ఆపేశాను. గుంటూరు మే నెలలో ఫ్యాన్ లేకుండా కిటికీలు మూసుకుని గంటన్నర కూర్చోవడం అంటే మీకు తెలిసిందే. గ్లౌజులు వేసుకుని, పావుకిలో పైచిలుకు పొడి బేసిన్‌లో వేసి, చెంచాతో కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ గారెల పిండిలా కలిపాను. దోసెల పిండిలా జారకూడదు. పది నిమిషాలు అలా వదిలేసి, మళ్లీ నీళ్లు పోయకుండా ఇంకోసారి కలిపి, పాత ఏటీఎం కార్డుతో బొమ్మ మీదంతా ఐమూలగా, అన్ని దిక్కుల నుంచీ సందుల్లోకి దిగేలా నొక్కుతూ రాశాను.

ఐదు నిమిషాల్లో నెల రోజుల పని బురద కింద మాయమైపోయింది. మిర్చి లేదు, తొడిమ లేదు, తెలుపు లేదు, అంతా బూడిదరంగు ముద్ద. ఇలా అవుతుందని తెలిసినా గుండె దడదడలాడింది. పదిహేను నిమిషాలు ఆగమన్నాడు మేస్త్రీ, ఆ వేడికి పన్నెండు నిమిషాలకే పైపొర మసకగా తెల్లబడటం మొదలైంది. స్పాంజిని ముంచి, ఇంకో చుక్క కారనంతగా పిండి, బరువు వేయకుండా ఐమూలగా ఒక్కసారి లాగాను. స్పాంజి వెళ్లిన దారిలో ఎరుపు బయటికొచ్చింది. రెండు వేళ్ల వెడల్పున, తడితడిగా, చుట్టూ బూడిదరంగు సన్నటి గీతలతో, నాలుగు ముక్కలు. నేను పేర్చిన ముక్కలే అవి, అయినా అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఉంది. పాపని నిద్ర లేపాను. మిగతాది ఇద్దరం కలిసి తుడిచాం, తను బకెట్‌లో స్పాంజి కడిగి పిండి ఇవ్వడం, నేను లాగడం, లాగిన ప్రతిసారీ స్పాంజి తిరగేయడం. నీళ్లు ఎక్కువున్న స్పాంజితో తుడిస్తే సందుల్లోంచి సరుకు కొట్టుకుపోతుంది, ఎడమ పక్క అంచున ఒక చోట అలా పోయి మళ్లీ నింపాను.

తొడిమ దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. టైల్ మందం కన్నా గాజు మందం తక్కువ కదా, గాజులు ఫిల్లర్ కింద మునిగిపోయాయి, ఆకుపచ్చే కనిపించడం లేదు. అగరుబత్తి పుల్లతో, తర్వాత పిన్నీసుతో, ఒక్కో గాజు మీద నుంచి మెల్లగా గీకి తీశాను. ఇంకో పావుగంట ఆలస్యమైతే గట్టిపడిపోయేది. గాజుల కింద ముందే ఒక పొర పల్చటి అట్ట ముక్క అతికించి ఎత్తు సరిచేసుకుని ఉండాల్సింది. ఎత్తులు వేరున్నవి కలిపి వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. పోతే, బకెట్ నీళ్లు సింకులోనో బాత్రూమ్‌లోనో పోయొద్దు, అడుగున చేరిన సిమెంట్ పైపులో గడ్డకట్టేస్తుంది. నేను సాయంత్రం దాకా కదపకుండా ఉంచి, పైన తేటని రోడ్డు పక్క మట్టిలో పోసి, అడుగుది పేపర్‌లో చుట్టి చెత్తలో వేశాను.

రెండు రోజులు పైన పాలిథిన్ కవర్ కప్పి ఉంచి, ముక్కల మీద మిగిలిన తెల్లటి మసకని పొడి కాటన్ గుడ్డతో రుద్దాను. అంచులకి ఎమరీ పేపర్ పట్టి నల్లరంగు వేశాను. తూకం వేస్తే రెండు కిలోలు దాటింది, మామూలు మేకు ఆగదని మా ఆయన డ్రిల్లింగ్ చేసి, ప్లగ్గు పెట్టి స్క్రూ బిగించారు. హాల్లోంచి వంటింట్లోకి వెళ్లే దారి పక్కన తగిలించాం. సాయంత్రం ఐదు గంటలకి బాల్కనీ తలుపు తీస్తే వెలుతురు ఏటవాలుగా దాని మీద పడుతుంది, అప్పుడు మెరూన్ వరస నిజంగానే నీడలా ఉంటుంది. అత్తయ్య ఇంటికి ఎవరొచ్చినా ముందు తొడిమ చూపించి, ఏ గాజు ఎవరిదో చెప్తున్నారు.

జూన్‌లో పై ఫ్లోర్‌లో పని ఉండి మేస్త్రీ వచ్చాడు. పిలిచి చూపించాను. దగ్గరగా నిలబడి ఏమీ మాట్లాడకుండా కాసేపు చూశాడు, తర్వాత అరచెయ్యి బొమ్మ మీద పెట్టి పై నుంచి కిందికి నిదానంగా జార్చాడు. "సందులు బాగా ఇచ్చారమ్మా" అన్నాడు. కుడివైపు కింద మూల దగ్గర చెయ్యి ఆగింది. "ఈ ముక్క కొంచెం లేచింది, కింద బంక ఎక్కువ పడింది." నేను వేలు పెట్టి చూస్తే నిజమే, కాగితం మందమంత ఎత్తుంది. తీసి మళ్లీ పెట్టొచ్చా అని అడిగితే ఇప్పుడు తీస్తే పక్కవి కదులుతాయి, ఉండనివ్వండి అన్నాడు. అలాగే ఉంచాను. దుమ్ము తుడిచేటప్పుడు ఇప్పటికీ గుడ్డ ఆ ముక్క దగ్గర కాస్త పట్టుకుంటుంది.